ఆదివారం ప్యాసింజరు

బీఏ మొదటి సంవత్సరం పుస్తకాలు మా ఇంటికొచ్చిన రోజు వాటిని ఎక్కడ పెట్టాలో తోచలేదు. డోర్నకల్‌లో రెండు గదుల రైల్వే క్వార్టరు మాది. ముందు గదిలో మామయ్య, అత్తమ్మ. వెనక గదిలో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఉన్న ఒక్క అల్మారాలో మా ఆయన డ్యూటీ బట్టలు, టార్చిలైటు, ఎర్ర జెండా, పచ్చ జెండా. చివరికి బియ్యం డబ్బా మీద పెట్టాను. అన్నం వండాలంటే ముందు చరిత్ర, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వపాలన, మూడింటినీ కింద దించాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి దించేదాన్ని. దించినప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఒక పేజీ చదివేదాన్ని. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయేది.

అది 1990. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పదో తరగతి పాసైన మరుసటేడే పెళ్ళి చేశారు కాబట్టి ఇంటర్ లేదు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష ఒకటి రాసి పాసైతే నేరుగా డిగ్రీలో చేరొచ్చని మా ఆయనతో పనిచేసే గార్డు ఒకాయన చెప్పాడు. ఆయనా అట్లాగే చదువుతున్నాడు. గూడ్సుబండి చివరి పెట్టెలో కూర్చుని, సిగ్నల్ కోసం బండి ఆగినప్పుడల్లా పుస్తకం తీసేవాడట. కొత్తగూడెం, ఇల్లెందుల వైపు నుంచి వచ్చే బొగ్గుబండ్లు మా జంక్షన్‌లో గంటల తరబడి నిలబడేవి. ఆయన డిగ్రీలో సింగరేణికి కూడా కొంత వాటా ఉందని మా ఆయన ఎగతాళి చేసేవారు.

ఈ విషయంలో మనవాళ్ళు దేశానికే ముందు నడిచారని ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నది ఏడు నెలలు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలోనే జరిగిన పని ఇది. తొలి వైస్‌ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనందరం ఇగ్నో అంటామే, అది పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్‌ఛాన్సలర్‌గా ఆయన్నే తీసుకెళ్ళారు. నేను చేరేనాటికి మా యూనివర్సిటీ పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. నా పట్టా మీద ఆ పేరే ఉంటుంది. "చేరింది ఒక బడిల, పాసైంది ఇంకో బడిల. మా కోడలు మామూలు మనిషి కాదు" అని మా అత్తమ్మ పక్క క్వార్టరు వాళ్ళకు చెప్పేది. అది పొగడ్తో, ఎత్తిపొడుపో నాకిప్పటికీ అర్థం కాలేదు.

చదువుకోమని మా ఇంట్లో ఒప్పుకోవడానికి అసలు కారణం ఒకటుంది. "ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు" అన్నారు. ఆ ఒక్క మాట మీదే మామయ్య సరే అన్నారు. వంట ఆగదు, పిల్లలకు లోటుండదు, కోడలు గడప దాటదు. రేడియోలో పాఠాలు కూడా వస్తాయని తెలిసి, అయితే ఇంకేం, మేమూ వింటాం అన్నారు. ఆదివారం ఆదివారం ఖమ్మంలో క్లాసులుంటాయన్న సంగతి మాత్రం మా ఆయన మెల్లగా, రెండు నెలలు పోయాక బయటపెట్టారు.

మొదటి ఆదివారం ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నం వండి, పిల్లలకు తలస్నానాలు చేయించి, డబ్బాలో నాలుగు చపాతీలు పెట్టుకుని ఖమ్మం వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. రైల్వే వాళ్ళ ఇంటి కోడల్ని. రాత్రింబవళ్ళు రైళ్ళ చప్పుడు వింటూ బతికేదాన్ని. అయినా ఒంటరిగా రైలెక్కడం నా జీవితంలో అదే మొదటిసారి. బండి కదిలితే చర్చి గోపురాలు వెనక్కి పోయాయి. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ అది, 1939 నాటిది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి రోజూ చూస్తున్నదే. కిటికీలోంచి దూరమవుతుంటే ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. పాపటపల్లి, మల్లెమడుగు దాటితే ఖమ్మం. గంట కూడా పట్టదు. ఆ కాసేపూ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఎవరైనా "ఎక్కడికమ్మా" అని అడిగితే ఏం చెప్పాలా అని మాటలు కూడదీసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

క్లాసుల మాట చెప్పాలంటే, అన్నీ గొప్పగా ఉండేవని చెప్పను. కొన్ని ఆదివారాలు పాఠం చెప్పే సారే వచ్చేవాడు కాదు. వచ్చినా ఒక్కోసారి పుస్తకంలో ఉన్నదే చదివి వెళ్ళిపోయేవాడు. ఆ పుస్తకాలు తేట తెలుగులో, ఎవరికి వారు చదువుకుని అర్థం చేసుకునేట్టు రాసినవి. వాటికి సారు అవసరం అంతగా లేదు కూడా. మరి ఎందుకు వెళ్ళేదాన్నంటే, ఆ బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్ళ కోసం.

ఒక కానిస్టేబులు ఉండేవాడు. రాత్రి డ్యూటీ దిగి అట్లాగే వచ్చి, మొదటి గంటంతా నిద్రపోయేవాడు. మహబూబాబాద్ నుంచి ఒక టైలరు వచ్చేవాడు. గిరాకీ, సరఫరా పాఠం సారు చెప్పినప్పుడు నా బుర్రకెక్కలేదు. బతుకమ్మ పండుగ ముందు జాకెట్టు కుట్టుకూలి ఎందుకు పెంచుతాడో, పండుగ అయిపోయాక ఎందుకు తగ్గించడో ఆ టైలరు ప్లాట్‌ఫారం మీద చెబితే టక్కున ఎక్కింది. ఒక అంగన్‌వాడీ టీచరు ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. భర్త వదిలేశాడు. ఆవిడ ఎవర్నీ సార్ అని పిలవకుండా, "మీరు చెప్పింది నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనేది. ఆ మాట అట్లా అనొచ్చని నాకు తెలియదు. బళ్ళో అర్థం కాకపోతే తల దించుకోవాలని మాత్రమే తెలుసు. రెండో ఏడు ఒక ఆదివారం రాజ్యాంగం పాఠంలో నేను లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగాను. ప్రశ్నేంటో గుర్తు లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించడం గుర్తుంది. తిరుగు బండిలో ఆవిడ నా డబ్బాలో మిగిలిన చపాతీ తింటూ, "ఇయ్యాల నీ డిగ్రీ సగమైంది" అంది.

మూడేళ్ళలో పాసయ్యాను. తర్వాత ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పాను. పరీక్షలప్పుడు చపాతీలు చేసి డబ్బా కట్టింది ఎవరనుకున్నారు, మా అత్తమ్మే.

నేను పట్టా తెచ్చుకున్న రోజుల్లోనే మా చెల్లెలు దీవికి కాపురానికి వెళ్ళింది. నిజం దీవే. మా నాన్న రైల్వేలో ఉండగా స్నేహమైన శ్రీకాకుళం జిల్లా కుటుంబం ఒకటి. వాళ్ళలో కొందరు ఎప్పుడో అండమాన్ వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడి అబ్బాయికే చెల్లెల్ని ఇచ్చారు. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే పోర్ట్‌బ్లెయిర్‌కు రెండున్నర రోజులు. అక్కడి నుంచి వాళ్ళుండే హట్‌బే మరో ఓడ, మరో పూట. ఆ దీవి పేరు లిటిల్ అండమాన్. దిగులు పడి రాసిన మొదటి ఉత్తరం మాకు చేరేసరికి ఆ దిగులు తీరి, రెండో ఉత్తరంలో చేపల పులుసు గురించి రాసింది. ఆ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. అక్కడ భాషకేం కొదవ లేదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనంలో వందకు పదమూడు మందికి తెలుగే అమ్మభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, పనులకు వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనుమలు.

చెల్లెలి కూతురు అక్కడే పుట్టింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు దానికి పదేళ్ళు. అందరితో పాటు కొండ మీదికి పరుగెత్తి బతికింది. బడిసంచి మాత్రం పోయింది. "పెద్దమ్మా, నా నోటుబుక్కులన్నీ సముద్రం చదువుకుంటోంది" అని ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు వింటే నాకు ఏడుపొచ్చింది. పన్నెండో తరగతి అయ్యాక పోర్ట్‌బ్లెయిర్‌లో హాస్టల్‌లో పెట్టే స్తోమత వాళ్ళకు లేదు. నన్ను సలహా అడిగితే నాకు తెలిసిన దారే చెప్పాను. ఇగ్నోలో బీఏ కట్టింది. పుస్తకాలు పోస్టులో వచ్చాయి. చదువంతా హట్‌బేలోనే, అమ్మానాన్నల కళ్ళ ముందే. పరీక్షలకు మాత్రం ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాలి.

ఇగ్నో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. అండమాన్‌లో వానలు మే నెలలోనే దిగుతాయి. జూన్‌లో సముద్రం పొంగు మీద ఉంటుంది. 2013 జూన్‌లో అది పెట్టె సర్దుకుని రేవుకు వెళ్ళింది. అలల వల్ల ఓడ వెళ్ళదన్నారు. మరునాడూ అదే మాట. మూడోరోజు ఓడ కదిలింది గానీ అప్పటికే రెండు పేపర్లు అయిపోయాయి. దీనికి ఎవర్ని తప్పుపడతాం? పాఠం దాని ఇంటికే వచ్చింది. పుస్తకం చేతిలో ఉంది. చదివినదంతా తలలో ఉంది. కాగితం మీద రాయాల్సిన చోటుకు మధ్య నూట ఇరవై కిలోమీటర్ల నీళ్ళు అడ్డం పడ్డాయి. దూరవిద్యలో దూరమంతా ఆ చివర్లోనే ఉంటుందని నాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. అదృష్టవశాత్తూ మూడేళ్ళ కోర్సుకు ఆరేళ్ళ దాకా గడువుంటుంది. మిగిలిన పేపర్లు డిసెంబరులో రాసింది.

ఆ డిసెంబరు ప్రయాణం గురించి అది చెప్పిన మాటలు నేను మరిచిపోలేదు. ఓడ డెక్కు మీద ఇంకో ఏడెనిమిది మంది పరీక్షలకు వెళ్ళేవాళ్ళు కలిశారట. ఒక బెంగాలీ అమ్మాయి, చంకలో బిడ్డతో ఒకామె, ఫారెస్టు గార్డు ఒకాయన, అందరూ పుస్తకాలు తెరిచే ఉన్నారట. గాలికి పేజీలు ఎగిరిపోకుండా చెప్పులు బరువు పెట్టి చదివారట. పాప ఏడిస్తే వంతులవారీగా ఎత్తుకున్నారట. "పెద్దమ్మా, ఏడాదిన్నర నుంచి నేనొక్కదాన్నే ఈ పాఠాలు చదువుతున్నాననుకున్నా. వీళ్ళంతా పక్క వీధిలోనే ఉండి అదే చదువుతున్నారు" అంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చాక వాళ్ళు నలుగురు కలిసి చదువుకోవడం మొదలుపెట్టారు. 2016లో పట్టా వచ్చింది. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో చిన్న ఉద్యోగం చేస్తోంది. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా వంశానికి ఇదొక అలవాటైపోయింది చూడండి, చేరిన చోటు పేరు మారడం. మా డోర్నకల్ మాత్రం ఏం తక్కువ? వరంగల్ జిల్లాలో పుట్టి, 2016 దసరానాడు మహబూబాబాద్ జిల్లాలో తేలింది.

దాని తమ్ముడి సంగతి వేరు. వాడు కాలేజీ వయసుకొచ్చేసరికి 2020. ఆ ఆగస్టు పదో తేదీన చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు మరో ఏడు దీవులకు తగిలించారు. వాటిలో లిటిల్ అండమాన్ ఒకటి. అంతకుముందు అంతా ఉపగ్రహం మీదే ఆధారం. ఒక ఫొటో పంపాలంటే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి రావచ్చని చెల్లెలు అనేది. కేబుల్ వచ్చాక వీడు ఫోన్‌లోనే క్లాసులు విన్నాడు, ఫోన్‌లోనే పరీక్షలు రాశాడు. ఓడతో పని లేకపోయింది. వానలు అడ్డురాలేదు. అక్క పడ్డ కష్టం ఒక్కటీ పడలేదు. కరోనా రోజుల్లో ఆ తీగ లేకపోతే వాడి చదువు ఆగిపోయేదే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మొన్న వాడిక్కడికి వచ్చినప్పుడు "నీ క్లాసులో ఎంతమందిరా?" అని అడిగితే, "లిస్టులో అరవై మంది పెద్దమ్మా, నాకు ఒక్కరూ తెలియదు" అన్నాడు. వాడు దిగులుగా ఏం చెప్పలేదు. మామూలుగా, భోజనం చేస్తూ చెప్పాడు. నాకే ముద్ద మింగుడు పడలేదు.

రిటైరయ్యాక నాకు తీరిక దొరికి ఇలాంటి చదువుల గురించి దొరికిందల్లా చదువుతుంటాను. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారి ప్రాంతంలో వందల కిలోమీటర్ల దూరాన పశువుల కొట్టాల దగ్గర బతికే కుటుంబాల పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియోలో బడి మొదలుపెట్టారు. విమానంలో వచ్చే డాక్టరును పిలవడానికి పెట్టుకున్న రేడియో సెట్లలోనే టీచరు పాఠం చెబితే పిల్లలు జవాబు చెప్పేవాళ్ళు. గాలిలో నడిచే ఆ బడి కూడా ఏడాదిలో కొన్నిరోజులు పిల్లలందర్నీ ఆలిస్ స్ప్రింగ్స్‌కు రప్పిస్తుంది. కలిసి ఆడుకోవడానికి, పాఠాల్లో తప్ప కలవని స్నేహితులను ఎదురెదురుగా చూసుకోవడానికి.

పసిఫిక్ సముద్రంలో చిన్న చిన్న దేశాలు కలిసి 1968లో ఒకే యూనివర్సిటీ పెట్టుకున్నాయి, ఫిజీ రాజధాని సువాలో. 1903 నుంచి మద్రాసు మీదుగా చెరకుతోటల్లో కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ మునిమనుమలు కూడా ఉన్న దేశం కదా ఫిజీ, అందుకే నాకు ఆసక్తి. ఈ దేశాల దీవులు వేల కిలోమీటర్ల నీళ్ళలో చెదిరి ఉంటాయి. 1970లలోనే అమెరికా వాళ్ళ పాత ఉపగ్రహం ఒకటి వాడుకుని దీవికీ దీవికీ మధ్య పాఠాలు, చర్చలు నడిపారు. తర్వాత తమకంటూ సొంత ఏర్పాటు చేసుకున్నారు. ఇంత చేసినా, సువా నుంచే అన్నీ పంపిస్తే సరిపోతుందని ఊరుకోలేదు. ఆ దేశాల్లో కేంద్రాలు పెట్టారు. వెళ్ళి కూర్చోవడానికి ఒక గది, అడిగితే చెప్పడానికి ఒక మనిషి.

ఆ వరుసలోదే మరో ఉపగ్రహాన్ని మనకూ ఒక ఏడాది అరువిచ్చారు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. కోళ్ళగూళ్ళకు వాడే జాలీతో చేసిన పెద్ద గొడుగు ఒకటి బడి దగ్గర నిలబెట్టేవారు. పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం పెద్దలకు రెండున్నర గంటలు. ఊరంతా చాపలేసుకుని కూర్చునేది. మా డోర్నకల్ చుట్టుపక్కలకు ఆ భాగ్యం కలగలేదనుకోండి.

మా చుట్టుపక్కల అంటే తండాలు. నీళ్ళు లేని దీవులు అవి. ఇంట్లో లంబాడీ భాష, బడిలో తెలుగు, ఇప్పుడు ఇంగ్లిషు. రోడ్డు పక్కనే ఉన్నా బస్సు ఆగదు. 2020 సెప్టెంబరు ఒకటి నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు పెట్టినప్పుడు మా ఇంటి వరండాలో ఆరేడుగురు తండా పిల్లలు కూర్చుని చూసేవాళ్ళు. మాస్కులు గడ్డాల కిందే ఉండేవి. కరెంటు పోతే పాఠం పోయేది. అప్పుడు మిగతాది నేను చెప్పేదాన్ని. నిజం చెప్పొద్దూ, కరెంటు పోతే బాగుండని ఒక్కోసారి మనసులో అనుకునేదాన్ని. ముప్పై మందికి చెప్పిన నోరు కదా.

ఆ ఆరేడుగురిలో ఒక పిల్ల మాకు పాలు పోసేవాళ్ళ అమ్మాయి. అప్పుడు ఏడో తరగతి. వరండాలో ఎప్పుడూ స్తంభానికి ఆనుకుని కూర్చుని, టీవీలో సారు ప్రశ్న అడిగితే టీవీకే జవాబు చెప్పేది. ఇప్పుడు ఇంటర్ పాసైంది, బైపీసీ, మంచి మార్కులు. ఈ మధ్య ఒకరోజు వాళ్ళ నాన్న పాలు కొలిచి పోసి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"అక్కా, బిడ్డను డిగ్రీ కట్టియ్యాలె. నువ్వు సదివినవ్ గదా, ఇంట్ల కూసొని. గదే కట్టియ్యక్కా."

"కాలేజీకి ఎందుకు పంపవు తమ్ముడూ?" అన్నాను.

"ఏడికి పంపాలె? హాస్టల్ల ఎయ్యాలె, ఫోన్ కొనియ్యాలె, మాట రావొద్దు. ఇంట్లుంటే సదువుకు సదువు, పనికి పని. మిరప ఏరుటానికి మనిషికి ఎంత కూలడుగుతుండ్రో నీకు తెల్వదా?"

నాకు తెలుసు. మిరప తోటల్లో ఏరడం మొదలైతే మా ప్రాంతంలో కూలీ దొరకడం గగనం. ఆయన దుర్మార్గుడు కాదు. కూతురు పాసైందని మాకు రెండు లీటర్ల పాలు ఊరికే పోసి, పాయసం చేసుకోమన్న మనిషి. ముప్పై అయిదేళ్ళ కిందట మా మామయ్య అన్నదానికీ ఈయన అన్నదానికీ తేడా లేదు. "ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు." ఆ మాట పట్టుకునే నేను బయటపడ్డాను. అదే మాట పట్టుకుని ఈయన బిడ్డను ఇంట్లో ఉంచుదామనుకుంటున్నాడు. అంతకంటే నాకు గుచ్చుకున్నది, నన్నే సాక్ష్యంగా నిలబెట్టడం.

దూరవిద్యను చులకన చేసేదాన్ని కాదు. అది లేకపోతే నేను లేను, మా చెల్లెలి కూతురు లేదు, బొగ్గుబండిలో చదివిన ఆ గార్డు లేడు. జైళ్ళలో ఉన్నవాళ్ళు కూడా మా యూనివర్సిటీలో చదివి డిగ్రీలు తెచ్చుకున్నారు. వేరే దారి లేనివాళ్ళకు అది దారి. ఈ పిల్లకు వేరే దారి ఉంది. దోస్త్‌లో పెట్టుకుంటే ఇంటి నుంచే సీటు వెతుక్కోవచ్చు. గిరిజన అమ్మాయిలకు గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి, తిండీ బసా అక్కడే. దారి ఉండగా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చి, నీ చదువు నీ దగ్గరికే వచ్చింది కదా అనడం నాకు నచ్చలేదు. అదే ఆయనతో చెప్పాను. ఇంట్లో కూర్చుని చదవలేదు తమ్ముడూ, ఆదివారం ఆదివారం రైలెక్కి పోయి చదివాను అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

సాయంత్రం పిల్ల తనే వచ్చింది. వాకిట్లో నిలబడి, "పెద్దమ్మా, ఇంట్ల ఉంటే సదువుడు ఉండదు, పని ఉంటది. నువ్వొకసారి బాపుకు చెప్పవా?" అంది. చెప్పానన్నాను. "ఇంకోసారి చెప్పు" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, బతిమాలలేదు. టీవీలో సారుకు జవాబు చెప్పిన గొంతుతోనే చెప్పింది.

మరునాడు దాన్ని కూర్చోబెట్టుకుని దోస్త్‌లో దరఖాస్తు పెట్టించాను. నాకు ఫోన్‌లో ఆ గడులన్నీ నింపడం రాదు. అండమాన్ నుంచి సెలవులకు వచ్చి ఇంకా ఇక్కడే ఉన్న మా చెల్లెలి కొడుకే నింపాడు. జువాలజీ ఉన్న కాలేజీలు వెతికి, ఏది ఎంత దూరమో, హాస్టల్ ఉందో లేదో ఆ పిల్లకు వివరంగా చెప్పాడు. మొదటి ఎంపిక మహబూబాబాద్ పెట్టింది. సీటు వచ్చింది. వచ్చిన సీటు ఉంచుకుంటామని చెప్పడానికి గడువు పెట్టారు. ఆ లోపు తండ్రి సరే అనాలి. లేకపోతే సీటు పోతుంది. సీటు వచ్చిన సంగతి ఆయనకు నేనే చెప్పాను. విని, క్యాన్ మూత బిగించుకుని, "సూద్దాం" అని సైకిల్ ఎక్కాడు.

నిన్న, మొన్న ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. అడిగితే బిగుసుకుంటాడని మా ఆయన వద్దన్నారు. ఇవాళ పొద్దున పాలు పోసి, డబ్బులు లెక్క చూసుకుని, గేటు దాకా వెళ్ళి ఆగాడు.

"అక్కా, ఆ హాస్టల్ల పిల్లలకు పాలు పోస్తరా?"

"పోస్తారు" అన్నాను.

"ఎసువంటి పాలు? ప్యాకెట్వా?"

కనుక్కుని చెబుతానన్నాను. గడువు ఇంకా నాలుగు రోజులుంది.